కడాయి బోర్లించిన రామాబాయి

చలప్. కాస్త ఆగి, మళ్లీ చలప్.

మిట్టమధ్యాహ్నం రాయచూరు పాతబస్తీలో ఆ చప్పుడొక్కటే మేలుకుని ఉంటుంది. గోడలకు వీపు ఆనించి ఎండ నిలబడి ఉంటుంది. కుక్కలు మోరీ పక్కన ఉన్న కాస్త నీడను కరుచుకుని పడుకుంటాయి. ఆ వేళలో ఏదో మిద్దె మీది నుంచి, ఎవరో పెద్ద గంగాళంలో బిడ్డకు నీళ్లు పోస్తున్నట్టు, తడి చప్పుడు. కొత్తవాళ్లయితే తలెత్తి చూస్తారు. పాతవాళ్లు చూడరు. "రామాబాయి పాచిని లేపుతున్నది" అనుకుని అటు తిరిగి పడుకుంటారు.

ఇనుప నిచ్చెన ఎక్కితే ముందు ఒక తెల్లటి తెర కనిపిస్తుంది. పాత పలచటి చీరలు కలిపి కుట్టి, దుమ్ము పడకుండా కట్టిన తెర. దాని కింద ఇటుకలు పేర్చి టార్పాలిన్ పరిచిన తొట్టి. తొట్టిలో నీళ్లు అడవి అంతా కరిగించి పోసినంత పచ్చగా ఉంటాయి. పక్కన చీర కుచ్చిళ్లు ఎగదోపి, పొడుగు కర్రతో ఆ నీళ్లను కలుపుతూ రామాబాయి. మనిషి పొడగరి. నెత్తి సగం నెరిసింది. మోచేతుల దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు, ఆవాలు చల్లినట్టు.

తొట్టిలో ఉన్నది స్పైరులీనా. కంటికి విడిగా ఆననంత సన్నని నీటినాచు. వంటసోడా, ఉప్పు కలిపిన నీళ్లలో, ఎండ బాగా తగిలితే తనంతట తనే పెరుగుతుంది. రామాబాయి దాన్ని బట్టలో వడగట్టి, నీళ్లు పిండి, మురుకుల గొట్టంలో పెట్టి సన్నటి తీగలుగా వత్తి ఆరబెడుతుంది. ఆమెకు ఆ పొడుగు పేరుతో పని లేదు. ఆమెకు అది 'పచ్చది'.

"కిందున్నది పైకి రావాల, పైనున్నది కిందికి పోవాల. అందరికీ ఎండ దొరకాల. లేకుంటే అడుగున పండుకుని కుళ్లిపోతది," అంటుంది, కర్ర ఆపకుండానే.

చేతుల మీది మచ్చలు పచ్చదానివి కావు. అవి నూనెవి.

రామాబాయి అవ్వ నిజాం జమానాలో రాయచూరు స్టేషను ముందు మిర్చి కాల్చేది. రైలు ఆగితే కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చేవట. అవ్వ కడాయి అమ్మకు, అమ్మ దగ్గరి నుంచి రామాబాయికి వచ్చింది. ఆ ఊళ్లో తెల్లారిందంటే తాలింపు పెట్టిన మండాళ్లు, అంటే మరమరాలు, వాటి పక్కన శనగపిండిలో ముంచి నూనెలో కాల్చిన మిరపకాయలు. సాయంత్రమైనా అవే. పెళ్లిచూపులకూ, చావింటికి వచ్చి వెళ్లేవాళ్లకూ అవే. కడుపు నిండడానికి కాదు, ఆ పూట గడిచిందని నమ్మకం కుదరడానికి తింటారు.

కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు లేచాక, ఆమె భర్త అమరేశప్పకు అక్కడ బొగ్గు విభాగంలో పని దొరికింది. వ్యాగన్లలోంచి దిగే బొగ్గును పట్టీల మీద పైకి పంపే చోటు. మబ్బులు రాని కాలంలో కూడా ఆ గొట్టాల మీద ఒక మబ్బు నిలబడి ఉండేది. దానికి వాన తెలియదు. రామాబాయి కడాయిని ఆ గేటు ఎదుటికి మార్చింది. పొద్దున మొగుడితో పాటు బస్సెక్కడం, పొయ్యి వెలిగించడం, సైరను మోగితే నల్లటి మనుషులు గుంపుగా వచ్చి నిలబడడం. వ్యాగన్ల రొదను దాటి వినిపించేలా అరిచి అరిచి ఆమె గొంతు గంటలా తయారైంది.

ఆమె మిర్చి గురించి ఒక విచిత్రం చెప్పుకునేవారు. రామాబాయి మిర్చి తినదు. చిన్నప్పుడు ఒకసారి నాలుక కాలి జ్వరం తెచ్చుకుందట. అప్పటి నుంచి కాల్చడమే తప్ప కొరికింది లేదు. ఆమె వంతు కూడా అమరేశప్ప తినేవాడు.

ఒకరోజు పట్టీ పక్కన ఉన్న మెట్లెక్కుతుంటే అతని ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. రాయచూరులో డాక్టర్ వెంకోబరావు రక్తం తీయించి చూశాడు. వయసైన మనిషి, మాట మెత్తన.

"కొలెస్ట్రాలు బాగ పెరిగింది అమరేశప్పా. రక్తంల కొవ్వు. గుండెకు పోయే గొట్టాల గోడలకు పడుతది."

"మా దగ్గర గూడ గొట్టాలకు బూడిద పడుతది సార్. సుత్తెతో కొట్టి రాలుస్తం."

"ఇవి కొట్టి రాల్చే గొట్టాలు కావప్పా," అని వెంకోబరావు నవ్వాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. "రోజూ రాత్రి ఈ మాత్ర ఒకటి. బాగైంది కదా అని ఆపొద్దు. నూనెల కాల్చింది బంద్."

అమరేశప్ప భార్య వైపు చూశాడు. తన ఇంటి కులదేవతను ఎవరో కుర్చీలోంచి లేవమన్నట్టు చూశాడు.

ఇంటికొచ్చాక రభస మొదలైంది.

"ఒక్కసారి మొదలుపెడితే సచ్చేదాంక తినాల్నంట ఆ మాత్రలు. నేను తినను."

"తినకుంటే ఆ సచ్చేది జల్దీనే అయితది. నీకు తిప్పల తప్పుతది," అంది రామాబాయి.

"నా పెండ్లాం మిర్చి తిననీకి డాక్టరు పర్మిషన్ కావాల్నా నాకు?"

రోజంతా వందలమందికి తానే కాల్చి పెడుతూ ఇంట్లో ఒక్కడికి మాత్రం వద్దని ఎలా అంటుంది? అతను మాత్ర ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మరిచేవాడు. రాత్రి అతను పడుకున్నాక ఛాతీ లేస్తూ పడుతూ ఉండడం చూసేది. దాన్ని చూస్తూనే ఆమెకు కునుకు పట్టేది.

ఆ ఏడాది వ్యవసాయ కాలేజీ మైదానంలో రైతుల మేళా జరిగింది. రామాబాయి కడాయితో సహా వెళ్లింది. పక్క అంగడిలో కళ్లజోడు పెట్టుకున్న చిన్నది పచ్చటి పొడి పొట్లాలు పేర్చుకుని కూర్చుంది. పేరు తనూజ. కల్లూరు వైపు కాలువ కింది క్యాంపులో, అంటే వలస రైతుల ఊళ్లో, కాపురం. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి వరి వేశారు. ఏళ్ల తరబడి నీళ్లు నిలబెట్టేసరికి వాళ్ల పొలంలో ఒక చెక్క చౌడుబారింది. ఎండాకాలం ఉప్పు పూసి మెరిసే నేల. వరి ఒప్పుకోని ఆ చోట ఆమె తొట్లు కట్టి ఈ నాచు పెంచుతోంది.

"ఇది తింటే ఏమైతదమ్మా?" అని అడిగింది రామాబాయి, మిర్చి పొట్లం ఒకటి అటు చేరవేస్తూ.

"చాలా చెబుతారక్కా. నేను అన్నీ చెప్పను. చెడ్డ కొవ్వు కొద్దిగా తగ్గుతున్నట్టు కొన్ని పరీక్షల్లో తేలిందండి. కొద్దిగానే."

కొవ్వు అనే మాట దగ్గర రామాబాయి గరిటె ఆగింది.

తనూజ ఉత్సాహంగా చెప్పుకుపోయింది. "పులిసిన అంబలీ, మజ్జిగా ఉంటాయి చూడండి, వాటిలో బతికున్న సూక్ష్మజీవులుంటాయి. మన కాలేయం కొవ్వుతోనే పిత్తం తయారు చేస్తుందటక్కా. ఆ జీవులు కొన్ని పిత్తాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తాయట. అప్పుడు కాలేయం కొత్త పిత్తం కోసం రక్తంలోంచి మళ్లీ కొవ్వు లాక్కుంటుందన్నమాట. అందుకని చల్లటి అంబలిలో ఈ పొడి కలుపుకుంటే రెండూ కలిసొస్తాయి. వేడి చెయ్యకండి. డాక్టరుగారి మాత్రలు మాత్రం ఆపకూడదు సుమా."

రామాబాయి అంతా విన్నది. కొన్ని పొట్లాలు కొన్నది. దారి పొడవునా ఆమె మనసులో ఒక పచ్చటి దీపం వెలిగింది. కానీ ఆమె చేతులకు పుట్టినప్పటి నుంచి తెలిసిన విద్య ఒకటే. ఏది దొరికినా పిండిలో కలిపి నూనెలో వేయడం. మర్నాడు గేటు దగ్గర శనగపిండిలో పచ్చ పొడి కలిసింది. కడాయిలోంచి పచ్చలు పొదిగినట్టు మిర్చీలు తేలాయి.

"ఏందక్కా ఇది, మిర్చికి పచ్చకామెర్లు ఐనయా?" అన్నాడు శివన్న. వ్యాగన్లు దించే మనిషి. భారీ శరీరం, అంతకంటే భారీ నోరు.

"కొవ్వుకు మందురా. తిని చూడు."

"మందా! మిర్చినే మందైతే ఇగ దవాఖాన ఎందుకు?" అని అతను ఒక ప్లేటు తిన్నాడు. ఇంకో ప్లేటు అడిగాడు. "అక్కా, మొదటిది ఆకలికి. ఇది ఇలాజుకు!"

ఆ మాట గేటు దాటి లోపలికి పోయింది. కొద్దిరోజుల్లో వచ్చేవాళ్లు రెట్టింపయ్యారు. ఇదివరకు మిర్చి తింటూ కాస్త భయపడేవాళ్లు కూడా ఇప్పుడు ధైర్యంగా తిన్నారు. వైద్యానికి లెక్కేమిటని తిన్నారు. అందరికంటే సంతోషంగా తిన్నది అమరేశప్ప. రామాబాయి అతనికి స్వయంగా వడ్డించేది. అతను నములుతుంటే, లోపల ఎక్కడో మసి పట్టిన గోడను ఎవరో పచ్చటి గుడ్డతో తుడుస్తున్నట్టు ఊహించుకునేది. జీవితంలో మొదటిసారి తన వంట మీద తనకే మోజు కలిగింది.

మాత్రల పొట్లాన్ని అమరేశప్ప బొగ్గు పట్టీ మీదికి విసిరేశాడని ఆమెకు తెలియదు.

చలికాలం పోతూ ఉండగా, ఒక పగటి షిఫ్టులో అతను మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. చెమటకు బొగ్గుమసి కరిగి మొహం మీద నల్లటి వాగులు కట్టింది. శివన్నే ఎత్తుకొచ్చి జీపులో వేశాడు. రామాబాయి ఆస్పత్రికి చేరేసరికి అతను కళ్లు తెరిచి ఉన్నాడు. ఆమె పొయ్యి దగ్గరి నుంచి అలాగే వచ్చింది. ఆ గదిలో మందుల వాసన మీద నూనె వాసన వేసింది. అది తన నుంచే వస్తోందని ఆమెకు కాసేపటికి అర్థమైంది. వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.

"గండం పక్కనుంచి పోయింది," అన్నాడు వెంకోబరావు. "కొవ్వు మునుపటికన్న పెరిగింది. ఏం పెడుతున్నవమ్మా?"

ఆమె చెప్పింది. పచ్చది, పిండి, కడాయి. దాచలేదు.

"నూనెల కాల్చుమని ఎవరన్న చెప్పిన్రా?"

"లేదు సార్. ఆ పిల్ల చల్లగ తినుమన్నది. కాల్చింది నేను."

"ఆ పచ్చదానికి ఉంటే గింటే కొంచెం బలం. దాన్ని నూనెల ముంచి, మీదికెల్లి ఒకటికి రెండు తినబెట్టి..." ఆయన పూర్తిచేయలేదు. "మాత్రలు?"

అమరేశప్ప పైకప్పు వైపు చూశాడు. "బొగ్గుల పోయినయి సార్. ఎవరింట్లనో బల్బు వెలిగి ఉంటది."



మర్నాడు పొద్దున గేటు దగ్గర జనం చూస్తుండగా రామాబాయి కడాయిని మూడు రాళ్ల మీద పెట్టలేదు. బోర్లించింది. అవ్వ కాలం నుంచి ఆకాశం వైపే చూసిన కడాయి మొదటిసారి నేలను చూసింది. దాని వీపు మీద తడిగుడ్డ చుట్టిన కుండ పెట్టింది. కుండలో జొన్న అంబలి. రాత్రి కాచి, చల్లార్చి, మజ్జిగ పోసి మూత పెడితే తెల్లారేసరికి పులిసి చిన్న చిన్న బుడగలతో ఊపిరి తీస్తుండే అంబలి. పక్కన తరిగిన ఉల్లిపాయలు.

"మిర్చి ఏదక్కా?"

"లేదు."

"రేపు?"

"రేపు లేదు, ఎల్లుండి లేదు. తాగుతే తాగు, లేకుంటే తొవ్వ ఇడువు."

"మేము బొగ్గు పనోళ్లం అక్కా, బాలింతలం కాదు అంబలి తాగనీకి," అన్నాడు శివన్న. గుంపు పగలబడి నవ్వింది.

"బొగ్గు పనోనికి గుండె వద్దారా? ఆ జీపుల మీ అన్నను ఏసుకపొయ్యింది నువ్వే గదా. రేపు నిన్ను ఎత్తనీకి ఎంతమంది కావాలనో లెక్క చూసుకున్నవా?"

నవ్వు అటు తిరిగింది కానీ జనం ఇటు తిరగలేదు. వారం తిరక్కుండానే పున్నయ్య అనే అతను సింధనూరు వైపు క్యాంపు నుంచి వచ్చి ఎదురుగా బండి పెట్టాడు. "రండి బాబూ రండి, వేడివేడి మిర్చి!" అని కేకేసేవాడు. అతని నూనె చిటపటలు రోడ్డు దాటి వచ్చి ఆమె ఖాళీ గ్లాసుల చుట్టూ తిరిగేవి. సాయంత్రానికి కుండ సగం మిగిలేది. ఇంట్లో అత్తగారి చెల్లెలు చెన్నవ్వ వచ్చి, అవ్వల నాటి కడాయి బోర్లిస్తే ఇంటికి అరిష్టమని ఏడ్చింది. "మనిషి బోర్ల పడితే అరిష్టం కాదా చిన్నత్తా?" అని అంబలి గ్లాసు చేతిలో పెట్టింది రామాబాయి.

ఆమెకు అవేవీ పట్టలేదు. ఆమెకు పట్టింది ఒక్కటే. అమరేశప్ప మళ్లీ పనిలో చేరాడు. చేరిన రోజు సాయంత్రం సైరను మోగింది. అతను గేటు దాటి వచ్చాడు. ఆమె కుండ ముందు నుంచి, ఆమెను చూడనట్టు నడిచి, రోడ్డు దాటి పున్నయ్య బండి దగ్గర నిలబడ్డాడు.

రామాబాయి కొంగు బిగించి తనూ రోడ్డు దాటింది.

"పున్నయ్యా, నాకొక ప్లేటు."

పున్నయ్య చిల్లుల గరిటె చేతిలోనే ఉండిపోయింది. "మీరు తినరు కదమ్మా?"

"ఇయాల తింట. ఆయనకు ఎన్ని ఏస్తవో నాకు అన్ని ఎయ్యి."

గుంపు దగ్గరికొచ్చింది. అమరేశప్ప ఒకటి కొరికాడు. ఆమె ఒకటి కొరికింది. చిన్నప్పటి నుంచి దూరం పెట్టిన ఆ మంట నాలుక మీద పడి, చెవుల్లోకి, కళ్లలోకి ఎక్కింది. ముక్కు కారింది. అతను ఇంకోటి తీశాడు. ఆమె ఇంకోటి తీసింది.

"ఏమే, పిచ్చి లేసిందా? నీకు పడదు గదా!"

"నీకు పడుతదా?" ఎక్కిళ్ల మధ్య అంది. "ప్రజ్ఞ నాయినా, ఇను. నువ్వు పోయినంక ఆ మిద్దింట్ల నేనొక్కదాన్ని ఎవరి మొకం చూసుకుంట కూసోవాల? నువ్వు ఎన్ని తింటే నేను గన్ని తింట. పోతే ఇద్దరం కల్సి పోదం. సింధనూరుల మన బిడ్డ ప్రజ్ఞకు ఒక్కటే ఖబరు పోతది, రెండుసార్లు ఏడ్చే పని లేదు. పున్నయ్యా, ఇంకో ప్లేటు పెట్టు!"

ఆమె చెంపల మీద నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. మిరపకాయవే కావచ్చు. అమరేశప్ప చేతిలోని మిర్చిని ప్లేటులో పడేశాడు. తర్వాత అతను ఆమె ప్లేటు కూడా లాక్కుని, రెండూ బండి మీద పెట్టేశాడు.

"సాకు," అన్నాడు కన్నడంలో. చాలు అని. "సాకు రామీ. పద, నాకు నీ అంబలి పొయ్యి."

రోడ్డు దాటాక ఆమె కొంగు ముడి విప్పింది. అందులో ఆ రాత్రి వేసుకోవలసిన మాత్ర ఉంది. "ఇంటికి పొయ్యినంక నా కండ్ల ముందర," అంది. అతను తల ఊపాడు.

తర్వాత ఆమె తనూజ క్యాంపుకు వెళ్లింది. పచ్చది పెంచడం ఆ చిన్నదాని దగ్గర కూర్చుని నేర్చుకుంది. గేటు దగ్గరే తొట్టి కడతానంటే తనూజ ఒప్పుకోలేదు. "బూడిద ఎగిరే చోట వద్దక్కా. ఈ నాచు నీళ్లలో ఏముంటే అది పీల్చుకుంటుంది. ఊళ్లో మీ మిద్దె మీద పెట్టుకోండి, తెర కట్టండి, నీళ్లు పరీక్ష చేయించుకోండి." అలా మిద్దె మీద తొట్టి వచ్చింది. ఈసారి పచ్చది నిప్పు మొహం చూడలేదు. చల్లటి అంబలిలో కలిసింది. తాగినవాళ్లకు మీసం పచ్చబడేది. ఆ మీసాన్ని చూసి నవ్వడానికి వచ్చిన కొందరు తామూ తాగి వెళ్లేవారు. ఎండలు ముదిరేకొద్దీ కుండ కాస్త ముందుగా ఖాళీ అవసాగింది. అంతే. మిర్చి నాటి జనం మాత్రం మళ్లీ రాలేదు.

వానలు పడేనాటికి అమరేశప్ప రక్తంలో కొవ్వు దిగింది. బాగా దిగింది. రామాబాయి ఆస్పత్రిలోనే అడిగింది, ఏది దింపిందని.

"మాత్ర దింపింది. కడాయి బోర్లించినవు కదా, అది దింపింది. నీ అంబలి, నీ పచ్చది గూడ జెర చెయ్యి ఏసి ఉండొచ్చు," అన్నాడు వెంకోబరావు. "ఏది ఎంత అంటే నేను విడగొట్టి చెప్పలేనమ్మా. చెప్పేటోన్ని నమ్మకు."

చెప్పేవాడు పదిరోజుల్లో వచ్చాడు. తనూజ మరిది లోకనాథ్. తెల్ల చొక్కా, చేతిలో రంగురంగుల డబ్బా. వదిన పండించే పచ్చదాన్ని డబ్బాల్లో పెట్టి ఊరూరా అమ్మిస్తాడు. అమరేశప్ప సంగతి ఎలాగో అతని చెవిన పడింది.

"అక్కగారూ, ఆదివారం గేటు దగ్గర షామియానా వేయిస్తున్నానండి. మీరు మైకు ముందుకొచ్చి ఒక్కమాట చెప్పాలి. మాత్రలు మానేసి మా పచ్చపొడితోనే మీ ఆయన బాగయ్యారని."

"మానలేదు గదా. దినాం ఏసుకుంటున్నడు."

"అదెవరడుగుతారండీ? మీ మిద్దె మీద పండేదంతా నేనే కొంటాను. గేటు దగ్గర మీకు రేకుల షెడ్డు వేయిస్తాను. మీ పేరే బోర్డు మీద రాయిస్తాను."

రామాబాయి ఆలోచిస్తానంది. షెడ్డు మీద ఆశ లేదని అబద్ధం ఆడలేం. రాయచూరు ఎండలో రేకు కింది నీడ అంటే చిన్న విషయం కాదు. ఆ సాయంత్రం అమరేశప్ప మహా హుషారుగా ఇంటికొచ్చాడు. లోకనాథ్ అతన్ని కూడా కలిశాడు.

"చెప్పవే, నీ సొమ్మేం పోతది? నువ్వు ఆదివారం చెప్పు, సోమవారం నుంచి నేను మాత్ర బంద్ చేస్త. పచ్చదే సాలు నాకు. ఇన్ని దినాలు నీ మొకం చూసి మింగిన."

అప్పుడు ఆమెకు తెలిసింది. మిర్చి వదిలాడు కానీ మనిషి లోపల మారలేదు. ఒక్క మాట కోసం, తన నోటి నుంచే రావలసిన ఒక్క మాట కోసం కాచుకుని కూర్చున్నాడు. మర్నాడు శివన్న అంబలి తాగుతూ ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నాడు. "అక్కా, నాకు గూడ అదే కొవ్వు, అదే మాత్ర రాసిన్రు. పచ్చది తింటె మాత్ర వద్దంట గదా. నువ్వు చెప్తె ఇడుస్త. నువ్వు చెప్తేనే."

ఆదివారం షామియానా కింద జనం నిండారు. లోకనాథ్ ఆమెను పరిచయం చేశాడు. రామాబాయి మైకు పట్టుకోలేదు. ముందున్న మొహాల వైపు చూసింది. అందులో మొదటి వరుసలో మొగుడు, ఇవాళే సెలవు దొరికే బడిపిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

"నా పేరు రామాబాయి. మీ అందరికీ ఎరికే. పచ్చ మిర్చి కాల్చి మీకు పెట్టింది నేనే. మందు అని పెట్టిన. కొవ్వు పెంచిన. మా ఆయన మెట్ల మీద పడింది నా మిర్చి తిని, మాత్ర పారేసి."

గుంపులో గుసగుస లేచింది. లోకనాథ్ నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "అక్కగారూ, ఇప్పుడు బాగైన సంగతి..."

"చెప్తున్న. బాగైంది. మాత్రతో బాగైంది. నూనె ఇడిస్తె బాగైంది. పచ్చది, అంబలి జెర సాయం చేసినయేమో, డాక్టరుకే సరిగ్గ ఎరిక లేదు, నాకేం ఎరిక? పచ్చది తినున్రి. నేనే అమ్ముత. కాని దాన్ని చూసి మాత్ర ఇడిసేటోడు నా కుండ దగ్గరికి రావద్దు. వానికి గ్లాసు ఇయ్యను!"

లోకనాథ్ సైగ చేశాడు. మైకు చప్పుడు ఆగిపోయింది. అతను మరిచిపోయిందేమిటంటే, ఆ గొంతుకు మైకు అవసరం ఎప్పుడూ లేదు. ఆమె ఇంకొంచెం పైకి ఎత్తింది, అంతే. వ్యాగన్ల మీదుగా, పొగగొట్టాల కిందుగా అది చివరి మనిషి దాకా వెళ్లింది.

"శివన్నా, ఇన్నవా? ఇడువకు. ప్రజ్ఞ నాయినా, నువ్వు ఇన్నవా? నీ మాత్ర సంగతి ఇగ ఊరందరికీ ఎరికే. ఎట్ల ఇడుస్తవో చూస్త!"

ముందు శివన్న నవ్వాడు. తర్వాత అందరూ. వెనకవరుసలోంచి తనూజ లేచి నిలబడింది. మరిది వైపు చూడకుండా, "అక్క చెప్పిందే నిజం. నేనూ మొదట్నించీ అందరికీ ఇదే చెబుతున్నాను," అంది.

షెడ్డు రాలేదు. లోకనాథ్ ఆమె తొట్టి వైపు మళ్లీ చూడలేదు. తనూజ ఇప్పుడు తన పచ్చదాన్ని తానే సంచిలో పెట్టుకుని సంతలు తిరుగుతుంది. అమరేశప్ప చాలా రోజులు భార్యతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే మాత్ర వేసుకున్నాడు. వేసుకోక తప్పదు. షిఫ్టు మారినప్పుడల్లా, పట్టీ పక్కన, బస్సులో, టీ దగ్గర, ఎవడో ఒకడు అడుగుతూనే ఉంటాడు: "అన్నా, మాత్ర అయ్యిందా?" ఒకసారి లెక్కలు చూసే సాహెబే అడిగాడట. ఇంటికొచ్చి పళ్లు కొరుకుతూ, "ఫ్యాక్టరీ మొత్తాన్ని నాకు అత్తను చేసినవ్," అన్నాడు. ఆమెతో అతను మళ్లీ మాట్లాడిన మొదటి మాట అదే. రామాబాయి నవ్వు ఆపుకోలేక మిద్దె ఎక్కింది.

ఇప్పటికీ ఆమె కుండ కంటే పున్నయ్య కడాయి చుట్టే జనం ఎక్కువ. ఆమెకు తెలుసు. తెలిసీ ప్రతి పొద్దునా అక్కడే, ఆ నూనె చిటపటలకు ఎదురుగానే కుండ దించుతుంది. వేరే చోటికి పోవచ్చు కదా అంటే, "ఎందుకు పోవాల? వాడు పోనీ," అంటుంది.

తన కథ రాసుకోవడానికి వచ్చిన మనిషిని ఆమె ఎండ వాలేదాకా తొట్టి పక్కనే కూర్చోబెట్టింది. ఆ మనిషి నిచ్చెన దిగి వీధిలోకి వచ్చాక, పిట్టగోడ మీదికి వంగి, సగం వీధి తలెత్తేలా కేక వేసింది.

"ఇగో ఇను! రాస్తె మాత్ర ముందుగాల రాయి, నా పచ్చది దాని ఎనక రాయి. ఉల్టా చేసి రాసినవని నా చెవుల పడిందంటె, నీ ఊరు ఎంత దూరమైనా సరే, నీ ఇంటి ముందరకొచ్చి కూసుంట!"